పొయ్యిపొగకు వెల: బాగేపల్లి గోబరు గ్యాసు కథ

మన చిక్కబళ్లాపురము సీమలో పాతకాలపు యింట వంటగది యెక్కడ నున్నదని యడుగ నక్కరలేదు. పెంకుల సందులనుండి వెలువడు పొగయే దారి చూపును. ఆ గదిలో దూలములు నల్లబడి తారు పూసినట్లుండును. గోడలకు ఎన్ని మారులు సున్నము వేసినను సంక్రాంతి దాటకమునుపే మసి పైకి తేలును. రాగిముద్ద చేయు ఇల్లాలు ఎసరు మరగునంతవరకు పొయ్యియెదుట కూర్చుండవలెను. పిండి పోసిన పిమ్మట ఆ పొగలోనే నిలిచి కట్టెతో కలియబెట్టవలెను. పొయ్యిలోనికి పోవునది మేలిమి కట్టె కాదు. కందికంప, నీలగిరి ఆకు, పిడకలు, మన జంగమకోటె హోబళివంటి పట్టుపురుగుల నాడులందు పురుగులు ఆకు తినగా మిగిలిన మల్బరీ పుల్లలు, ఇవియే. పచ్చిపుల్లకు మంట తక్కువ, పొగ యెక్కువ. ఊదుగొట్టము పట్టిన చేతిని, ఎఱ్ఱబడిన కంటిని మన పూర్వులు వంటలో నొక భాగముగనే యెంచిరి గాని రోగకారణముగ నెంచలేదు.

ఈ పొగ యెంతటి పీడయో నేడు లెక్కలు తెలుపుచున్నవి. ఇంటిలోని కలుషితవాయువు వలన 2020వ సంవత్సరమున లోకమంతటను సుమారు 32 లక్షలమంది అకాలమరణము పాలైరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. వారిలో రెండులక్షలకు పైగా అయిదేండ్లు నిండని పసివారు. తల్లి పొయ్యియొద్ద నుండగా పసిబిడ్డ ఆమె యొడిలోనో వీపుననో యుండునుగదా! న్యుమోనియా, ఉబ్బసము, గుండెజబ్బు, పక్షవాతము, ఊపిరితిత్తుల పుండు, కంటిపొర, ఇవన్నియు ఆ పొగకు చుట్టములే.

ఇంతటి పీడను తొలగించుటకు లోకము వెచ్చించు ధనమెంత? అది ఏ మార్గమున మనవంటి మారుమూల తాలూకాలకు వచ్చినది? ఏ కొలతతో కొలిచి యిచ్చినారు? ఈ ప్రశ్నలకు సమాధానము మన పొరుగుననే, బాగేపల్లి తాలూకా పల్లెలలో, మన తెలుగు మాటలాడు కూలిజనుల యిండ్లలో దొరకుచున్నది. ఆ చరిత్ర మనవారిలో పెక్కురకు తెలియకుండుట విచారకరము.

ముందుగా పాతకథ కొంత చెప్పవలెను. పొగలేని పొయ్యికై తెలుగునాట జరిగిన తొలిప్రయత్నములలో నెన్నదగినది హైదరాబాదులోనిది. అచటి ఇంజనీరింగు పరిశోధనాలయమునకు డైరెక్టరుగా నుండిన ఎస్. పి. రాజుగారు మట్టితో కట్టదగిన మూతపొయ్యి నొకదానిని రూపొందించి, కోట్ల జనులకు పొగలేని వంటయిండ్లు కావలెనను భావముగల పేరుతో 1953లో మద్రాసునుండి ఆంగ్లమున నొక చిన్నపుస్తకమును ప్రకటించిరి. కుండలు వరుసగా కూర్చుండుటకు కంతలు, గోడవెంట పొగగొట్టము, ఇదియే దాని నిర్మాణము. పరదేశపు ధనము లేదు, యంత్రము లేదు; ఇంటివారి చేతిపని చాలును. ఆ పొయ్యి పేరు దేశదేశముల పొయ్యిశాస్త్రజ్ఞుల గ్రంథములకెక్కినది గాని తెలుగువారి వంటయిండ్లలో నిలువలేదు. గొట్టమునందు మసి పేరుకొనిన దానిని తీయువారు లేరు. మట్టి బీటలువారిన మరల మెత్తువారు లేరు. బెంగుళూరు విజ్ఞానమందిరమున 1974లో అమూల్యరెడ్డిగారు ప్రారంభించిన ‘ఆస్త్ర’ విభాగమువారు రూపొందించిన ‘ఆస్త్ర ఒలె’ కన్నడనాట కొంత మేలుగ వ్యాపించినది. కేంద్రప్రభుత్వము 1983లో దేశవ్యాప్తముగ మెఱుగుపొయ్యిల పథకమును చేపట్టి 2002లో చాలించినది. ఈ ప్రయత్నములన్నిటిలోను ఒకే లోపము గోచరించుచున్నది. పొయ్యి పెట్టుటకు ధనము దొరకెను. పెట్టిన పొయ్యిని సంవత్సరముల తరబడి నిలుపుటకు ధనము దొరకలేదు.

గోబరు గ్యాసు మార్గము వేరు. ఖాదీ కమిషనువారు వ్యాప్తిచేసిన తొలి నమూనాలో గ్యాసు పట్టి యుంచుటకు తేలెడి ఇనుపడోలు ఒకటి యుండెడిది. అది తుప్పుపట్టును, వెల హెచ్చు. 1984లో ఢిల్లీలోని అఫ్‌ప్రో సంస్థవారు ‘దీనబంధు’ అను నమూనాను తెచ్చిరి. దానిలో ఇనుము లేదు. భూమిలో పూడ్చిన ఇటుక గుమ్మటమే తొట్టియు, మూతయు. రెండు ఘనమీటర్ల దీనబంధుకు దినమునకు నాలుగైదు పశువుల పేడ, అంతకు సమానమైన నీరు కావలెను. గాలి తగులని ఆ చీకటికొట్టులో సూక్ష్మజీవులు పేడను కుళ్లబెట్టగా మీథేను వాయువు పుట్టి గొట్టముద్వారా పొయ్యికి చేరును. నీలిమంట, పొగలేదు, మసిలేదు. ఇవతలికి వచ్చిన పేడనీరు చేనికి మంచి ఎరువు. పేడను పిడకచేసి కాల్చినచో ఎరువు పోవును. తొట్టిలో వేసినచో మంటయు దక్కును, ఎరువును దక్కును. ఇంత లాభమైనను కూలివాడు తన ధనముతో కట్టుకొనలేడు. ఇటుక, సిమెంటు, మేస్త్రి కూలి కలిపిన మొత్తము అతని పెక్కుమాసముల సంపాదన.

ఇక బాగేపల్లి కథకు వత్తము. వానలు తక్కువగల ఆ తాలూకాలో, ఆంధ్రసీమకు అంటుకొనియున్న పల్లెలలో, 1977లో ఏడాట్స్ అను పేరుగల వ్యవసాయాభివృద్ధి శిక్షణసంఘము పనిని ఆరంభించినది. దాని చేయూతతో కూలివారును, చిన్నకమతపు రైతులును ఊరూర కూడి ‘బాగేపల్లి కూలీ సంఘము’గ నేర్పడిరి. కూలిరేట్లు, భూమి, బడి, ఆడువారి హక్కులు వారి తొలి పనులు. పొయ్యిమాట చాల తరువాతిది. ఈ సంగతి ముఖ్యము. పరదేశపు ధనము వచ్చునాటికి ఊరూర లెక్క వ్రాయగల, పొరుగింటివారిని నిలదీసి యడుగగల సంఘము సిద్ధముగ నుండెను. అది లేనిచోట ఇదే ధనము పోసినను ఫలించియుండెడిదికాదని నా నమ్మకము.

ఆ ధనము పుట్టినచోటు జపానులోని క్యోటోనగరము. 1997 డిసెంబరులో అచట కుదిరిన ఒడంబడిక 2005 ఫిబ్రవరి 16న అమలులోనికి వచ్చినది. భూగోళమును వేడెక్కించు వాయువులను తగ్గింతుమని ధనికదేశములు మాట యిచ్చినవి. ఆ తగ్గింపును తమ దేశముననే చేయనక్కరలేదు. బీదదేశమున ఎవరైన చేసిన తగ్గింపును కొని తమ ఖాతాలో వ్రాసికొనవచ్చును. దీనికి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజమ్ అని పేరు. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు తగ్గినచో ఒక పత్రము. ఆ పత్రమును బజారులో నమ్మవచ్చును.

బాగేపల్లి కూలివారి పథకము 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జాబితాకెక్కినది. 5,500 ఇండ్లకు రెండు ఘనమీటర్ల గ్యాసుతొట్లు. సంవత్సరమునకు సుమారు 19,500 టన్నుల తగ్గింపు. అనగా ఇంటికి మూడున్నర టన్నులు. ఫ్రాన్సుదేశపు వెల్కాన్ ఎనర్జీ సంస్థ ఆ పత్రములపై ధనము పెట్టినది. పొగ తగ్గుటకు ముందే, తగ్గబోవు దానిని అమ్మి, ఆ ధనముతో ఇటుకలు కొన్నారన్నమాట! మన రైతులు చేనిమీది పంటను ముందుగ అమ్ముకొనుట యెఱుగుదుము. చేనిమీద లేని పొగను అమ్ముకొనుట ఇదియే మొదలు.

ఇచట భాషనుగూర్చి ఒక్కమాట. ఆ యిండ్లలో మాట తెలుగు. పహణీ కాగితము కన్నడము. సమితి కచేరి జర్మనీలోని బాన్‌నగరమున నున్నది. దానికి పంపిన దరఖాస్తు ఆంగ్లము. పొయ్యియొద్ద కూర్చున్న స్త్రీ తన బాధను చెప్పు మాటకును, ఆ బాధ తొలగుటకు ధనము తెచ్చిన కాగితములోని మాటకును నడుమ మూడు భాషల దూరము కలదు. ‘పొగ కన్నుమండించుచున్నది’ అని ఆమె యనును. ‘పునరుత్పత్తి కాని జీవద్రవ్య వినియోగము తగ్గినది’ అని కాగితమనును. రెండును ఒకే పొయ్యిని గూర్చినవే, కాని రెండింటి అర్థమొకటి కాదు.

ఈ భేదమే ఈ చరిత్రకు మూలము గనుక కొంత వివరింపవలెను. చెట్టు పెరుగునపుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును, కాలినపుడు విడుచును. నరికినంత మేరకు మరల మొలచునట్టి కట్టె అయినచో భూగోళపు లెక్కలో హెచ్చుతగ్గులు లేవు. కావున వేడిమి లెక్క వ్రాయువారికి కావలసిన ప్రశ్న ఒకటే: ఆమె కాల్చిన కట్టె మరల మొలచునా, మొలవదా? మొలచు కట్టె పొగకు పత్రము లేదు, మొలవని కట్టె పొగకే పత్రము. ఈ ప్రశ్నపై 2005 చివర పెద్దచిక్కు వచ్చినది. అడవినరుకును లెక్కకట్టు పాతపద్ధతిని సమితి మండలివారు తీసివేసిరి. చిన్నపథకములకు క్రొత్తపద్ధతి ఏర్పడుసరికి 2008వ సంవత్సరము వచ్చినది. ఆ నడిమికాలమున కట్టెపొయ్యిలను మార్చదలచిన క్రొత్త పథకములు పెక్కు తలుపు బయట నిలువవలసివచ్చెను.

కన్నునకు ఈ భేదము లేదు. మరల మొలచు మల్బరీపుల్ల పొగయు, మొలవని అడవికట్టె పొగయు ఊపిరితిత్తులకు సమానమే. మన శిడ్లఘట్ట ప్రాంతమున ఏటేట చిగిర్చు పుల్లనే కాల్చు ఇల్లాలి పొగకు ఆ లెక్కలో వెల సున్న. లోకము కొన్నది ఆమె ఆరోగ్యమును కాదు, ఆకాశపు వేడిమిని. ఆరోగ్యము ఆ బేరమున కొసరుగ వచ్చినది. ఈ మాటను నిష్ఠూరముగ ననుటలేదు. కొసరైనను వచ్చినది గదా! కాని కొసరుగ వచ్చినదానికి పూచీపడువా డుండడు.

పత్రములు దక్కుటకు లెక్క గట్టిగ నుండవలెను. ఏ యింట గ్యాసు మండినది, ఏ యింట ఎన్నిదినములు ఆగినది, పశువులు అమ్ముకొన్న యిల్లేది, గొట్టము చెడిన యిల్లేది, ఇవన్నియు ఊరూర సేకరించి గణకయంత్రమున నెక్కించవలెను. మునుపటి సర్కారు పథకములలో తొట్టి కట్టిననాడే లెక్క ముగిసెడిది. ఇచట మంట మండిన దినములకే వెల. కావున ఆగిన తొట్టిని బాగుచేయించుట సంఘమునకు లాభమైనది. రాజుగారి మట్టిపొయ్యికి కొరవడినది ఈ వెనుకటి ఆదరమే. క్యోటో ధనమువలన కలిగిన మేలులో నిదియే గొప్పదని నేననుకొందును.

అయినను ఆ బజారు ఎంతటి విపరీతమైనదో చూడుడు. శీతలయంత్రములలో వాడు వాయువును తయారుచేయు కర్మాగారములందు హెచ్.ఎఫ్.సి. 23 అను వ్యర్థవాయువు వెలువడును. క్యోటో లెక్కలో అది ఒక టన్ను తగ్గినచో 11,700 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గినట్లు. బాగేపల్లిలో 5,500మంది ఇల్లాండ్రు ఏడాదిపొడుగున పేడ కలిపి, నీరు మోసి సంపాదించిన పత్రములు ఆ కర్మాగారమున రెండు టన్నులైనను కాని వాయువును కాల్చివేసినంత మాత్రమున వచ్చును. చైనాలోను, మన గుజరాతులోను ఇట్టి కర్మాగారములు తొలిసంవత్సరములలో జారీయైన పత్రములలో పెద్దపాలు పొందినవి. ఆ పత్రములను 2013 నుండి ఐరోపావారు నిషేధించిరి.

అప్పటికే బజారు కూలినది. 2008లో 20 యూరోలు దాటిన టన్ను వెల 2012 చివరకు ఒక యూరోకు దిగువనైనది. ఐరోపాలో పరిశ్రమలు మందగించినవి, పత్రములు కుప్పలుపడినవి. 2012 తరువాత జాబితాకెక్కు పథకములలో మిక్కిలి వెనుకబడిన దేశములవి తప్ప తక్కినవారివి కొనమని ఐరోపావారు ముందే ప్రకటించిరి. భారతదేశము ఆ వెనుకబడిన జాబితాలో లేదు. టన్ను వెల పడిపోయినదిగాని పొగ తగ్గలేదు. పల్లెలో అడుగువారి సంఖ్యయు తగ్గలేదు.

అయినను పని ఆగలేదు. కొందరు ఐరోపా ధర్మదాతలు, ముఖ్యముగ నెదర్లాండ్సు దేశపు ఫెయిర్ క్లైమేట్ ఫండువారు, బజారువెలతో నిమిత్తము లేక ఖర్చుకు చాలునంత ధరకు కొనుటకు ముందుకు వచ్చిరి. బాగేపల్లితోబాటు గుడిబండ, చిక్కబళ్లాపురము, చింతామణి, శిడ్లఘట్ట తాలూకాలకును వ్యాపించునట్లు 18,000 గ్యాసుతొట్ల రెండవ పథకము నమోదైనది. 2007లో కోలారునుండి వేరుపడిన మన జిల్లా దాదాపు అంతయు దానిలోనికి వచ్చినది. సరిహద్దు కావల పెనుకొండలోని సెడ్స్ సంస్థ కూడ ఇదే దారిలో గ్యాసుతొట్లు కట్టించినది. కైవార తాతయ్య తత్త్వములు పాడుకొను పల్లెలలో డచ్చివారి ధనముతో ఇటుక గుమ్మటములు లేచుట విచిత్రమేగదా!

గ్యాసుతొట్టికి పశువులు కావలెను. కరవు వచ్చి పశువులను సంతకు తోలిన యింట గుమ్మటము ఖాళీ. అసలు పశువే లేని కూలివాని యింటికి ఈ పథకమే లేదు. అట్టివారికై కట్టెను పొదుపుగ కాల్చు ఇనుపపొయ్యిలను పంచు పథకములు వచ్చినవి. వాటి ఫలితమును మన కర్ణాటకములోనే కొప్పళ జిల్లాలో కొందరు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2016లో ప్రకటించిరి. అవి కార్బను పత్రములకు ఆమోదము పొందిన పొయ్యిలే. కాని వంటయింటి గాలిలో సన్నని ధూళి చెప్పుకొనదగినంతగ తగ్గలేదు. పొయ్యి పొందిన ఇండ్లలో నూటికి నలువదివరకు పాతపొయ్యిని గూడ వెలిగించుచునేయుండిరి. ఇల్లాలిని తప్పుపట్టుటకు వీలులేదు. పదిమందికి ముద్ద చేయు గిన్నె చిన్నపొయ్యిమీద నిలువదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2024లో మరియొక లెక్క వేసిరి. లోకమందలి పొయ్యిపథకములనుండి వారు ఎన్నుకొన్న వానిలో నిజముగ తగ్గిన దానికి తొమ్మిదిరెట్లకు పైగా పత్రములు జారీయైనవట. పత్రము కొన్న కంపెనీ తన పొగగొట్టము ఊదుచునే శుభ్రమైనానని చెప్పుకొన్నది; పొయ్యిపొగయు యథాప్రకారము.

వేడిమికి గాక గాలి పరిశుభ్రతకే యిచ్చు ధనము సంగతి యేమి? 2019లో లండనున వెలసిన క్లీన్ ఎయిర్ ఫండు అను సంస్థ ఈ లెక్కలను ఏటేట వేయుచున్నది. 2015 మొదలు 2021 వరకు అభివృద్ధికై దేశములనడుమ ప్రవహించిన ధనములో బయటిగాలిని శుభ్రపరచుటకే ఉద్దేశించినది 1,730 కోట్ల డాలర్లు. అనగా నూటికి ఒకటి. మన దేశములో 2019 జనవరిలో జాతీయ శుద్ధవాయు కార్యక్రమము మొదలైనది. 2020–21లో పదునైదవ ఆర్థికసంఘము పదిలక్షలకు మించిన జనముగల 42 నగరములకు 4,400 కోట్ల రూపాయలు కేటాయించెను. కర్ణాటకములో ఆ జాతీయ కార్యక్రమపు జాబితాకెక్కినవి బెంగుళూరు, దావణగెరె, హుబ్బళ్లి–ధారవాడ, కలబురగి మాత్రమే. గాలి కొలుచు యంత్రమున్న నగరమునకే ధనము. పల్లె వంటయింట యంత్రము లేదు. దేశపు బయటిగాలి చెడుటకు ముఖ్యకారణములలో ఇంటిపొయ్యి యొకటియని శాస్త్రజ్ఞులు చెప్పుచునేయున్నారు.

శిడ్లఘట్టలో పట్టుగూళ్లను ఉడికించి దారము తీయు పొయ్యిలును ఇట్టివే. 1990వ దశకమున స్విట్జర్లాండు ప్రభుత్వపు సహాయముతో ఢిల్లీలోని టెరి సంస్థవారు కట్టెను ముందుగ వాయువుగ మార్చి మండించు రీలింగుపొయ్యిని రూపొందించిరి. దానికి చెప్పిన మొదటి గుణము కట్టె ఆదా. దారము తీయువారి దగ్గును గూర్చి మాట తరువాతిది.

2016 మే 1న మొదలైన ఉజ్జ్వల పథకముతో సిలిండరు బీదయిండ్లకును చేరినది. అది మన ప్రభుత్వపు ధనము. తొలి సిలిండరు సులభము. మరుసటిది నింపుకొనుటకు చేతిలో రొక్కముండవలెను. కూలి లేని మాసమున గ్యాసు మూలనుండును, పుల్లలు పొయ్యిలోనుండును. పేడతొట్టికి ఆ బాధ లేదు, పశువు ఉన్నంతకాలము.

ఆరోగ్యమునే నేరుగ కొలిచి అమ్మవలెనను యత్నము లేకపోలేదు. జెనీవాలోని గోల్డ్ స్టాండర్డు సంస్థవారు 2010వ దశకమున పొగతగ్గుటవలన మిగిలిన ఆరోగ్యవంతమైన జీవితసంవత్సరములను లెక్కగట్టు పద్ధతి నొకదానిని ఏర్పరచిరి. కొనువారు బహుస్వల్పము. కంపెనీకి చూపుకొనుటకు టన్ను కావలెను. బాగేపల్లి ముసలమ్మ దగ్గు తగ్గినదని చూపినచో దాని ఖాతాలో ఏ గడియందు వ్రాయుదురు?

క్యోటో విధానమున ఒక పథకమునకు పత్రములు దక్కు గడువు మించిన పక్షమున 21 సంవత్సరములు. 2024 నవంబరున బాకూనగరమున సమితి సభ్యదేశములు ఆమోదించిన క్రొత్త విధానమునందును కొలత టన్నే. గడువు తీరిన తొట్టిలో ఆ తరువాతను పేడ పడును, మంట వెలుగును. గుమ్మటమునకు బీటపడిన దినమున మాత్రము మేస్త్రి కూలి ఆ యింటివారిదే.